రేడియో టెలిస్కోపుకి హెడ్‌ఫోన్లుండవు: అపోహలు - వాస్తవాలు

ఊరెళ్తే మా మేనమామ ఇప్పటికీ అదే అడుగుతాడు: "ఏరా, ఏలియన్లు ఏమైనా మాట్లాడారా?" పుణె జిల్లా ఖోడద్‌లో, ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టే జీఎంఆర్‌టీ అనే పెద్ద టెలిస్కోపు కంట్రోల్ రూంలో ఏళ్లు గడిపినవాణ్ణి. మామయ్యతో పాటు మీక్కూడా చెబుతున్నా.

అపోహ: హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆకాశాన్ని వింటారు.

వినడానికేమీ ఉండదు. 45 మీటర్ల వెడల్పున్న డిష్‌లు 30. వాటికందే సిగ్నళ్లను రెండేసి చొప్పున, 435 జతలుగా పోల్చి కంప్యూటర్ ఆకాశం బొమ్మ కడుతుంది. మాకు కనబడేది వంకర గీతలే.

అపోహ: అన్నీ రాత్రి డ్యూటీలే.

పగలైనా, మబ్బు పట్టినా పని నడుస్తుంది. గాలి ముదిరితేనే డిష్‌లను నిటారుగా పైకి తిప్పి ఆపేస్తాం.

అపోహ: డైరెక్టర్‌కి టెలిస్కోపు సొంత బండి లాంటిది.

టెలిస్కోపు వాడుకుంటామంటూ ఆరునెలలకోసారి దేశవిదేశాల నుంచి ప్రపోజల్స్ వస్తాయి, ఎవరికెంత సమయమో కమిటీ పంచుతుంది. డైరెక్టర్ చేతిలోనూ కొంత సమయం ఉంటుంది కానీ, అది ఎక్కడో నక్షత్రం పేలిందని అర్ధరాత్రి మెయిల్ పెట్టేవాళ్ల కోసం. ఆయన రోజంతా బడ్జెట్లకీ, మోటార్ల రిపేర్లకీ సరిపోతుంది. పాపం, సొంత పరిశోధన పేపర్ రాసుకునేది ఆదివారాలే.

అపోహ: ఫిజిక్స్ మేధావులకే ఇక్కడ చోటు.

దీన్ని కట్టించిన గోవింద్ స్వరూప్ గారు గట్టి లోహపు రేకుల జోలికి పోలేదు. స్టీలు తాళ్లు లాగి కట్టి, వాటికి సన్నని తీగల జాలీ బిగించారు. గాలి జాలీలోంచి పోతుంది, బరువూ ఖర్చూ తగ్గుతాయి. నన్నడిగితే ఇందులో ఫిజిక్స్ సగం, మేస్త్రీ బుర్ర సగం. ఈసీఈ చదివిన పిల్లలూ, డిష్‌కందిన సిగ్నల్‌ని పట్టే రిసీవర్లు మీరు చేయాల్సినవే.

అపోహ: పల్లెటూరు కాబట్టి రేడియో గోల (మన కరెంటు వస్తువుల నుంచి వచ్చే అడ్డు సిగ్నళ్లు) ఉండదు.

అసలు తలనొప్పి ఇదే. కరెంటు స్తంభం మీద ఇన్సులేటర్ పగిలి నిప్పురవ్వలు రాలినా, మేం ఆకాశాన్ని చూసే 150 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ దగ్గర డేటా పాడవుతుంది. ఓసారి రోజూ సాయంత్రం తెర మీది గీతలో ముల్లులా ఒక అడ్డు సిగ్నల్ లేచేది. చిన్న ఆంటెనా పట్టుకుని జీపులో ద్రాక్షతోటల వెంట తిరిగాం. చివరికి ఒక ఇంటి టీవీ బూస్టర్ దగ్గర తేలింది. ఆపమంటే ఆ ఇంటావిడ ససేమిరా అంది, సీరియల్ టైమట. మర్నాడు కొత్త బూస్టర్ కొనుక్కెళ్లి బిగించాం. బొమ్మ సరిగ్గా వస్తోందో లేదో సీరియల్ అయ్యేదాకా చూసిగానీ పాతది మా చేతికివ్వలేదు.