వంతుల చదువు గ్రూప్ రీడింగ్ కాదు: అపోహలు - వాస్తవాలు

"గ్రూప్ రీడింగ్ రోజూ చేయిస్తున్నానండీ, అయినా పిల్లలు ఇంగ్లిష్‌లో నోరు విప్పరు" అని ఒక కొత్త టీచరు దిగులుపడి తన క్లాసుకు రమ్మంది. వెళ్లి వెనక కూర్చున్నాను. పుస్తకం తెరిపించి, ముందు బెంచీ నుంచి తలా ఒక పేరా చదివించింది. చివరి బెంచీకి వచ్చేసరికి బెల్లు కొట్టారు. ఇలాంటి క్లాసులు ఎన్ని చూశానో లెక్కే లేదు.

అపోహ: వంతులవారీగా అందరూ పైకి చదివితే అదే గ్రూప్ రీడింగ్.

కాదు. అది రౌండ్ రాబిన్. 40 మంది, 40 నిమిషాలు అనుకోండి. ఒక్కొక్కరు చదివేది ఒక్క నిమిషం. మిగతా 39 నిమిషాలు వింటారా? చిన్నప్పుడు నేనైతే వినలేదు. నా ముందు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి, నా పేరా వెతుక్కుని, దాన్నే లోలోపల వల్లె వేసేవాణ్ణి. ఓ రోజు మాస్టారు మధ్యలో ఒకణ్ణి దాటేశారు. లెక్క తప్పింది. ఐలాండ్‌ని 'ఇస్లాండ్' అని చదివాను, క్లాసంతా నవ్వింది. ఆ పాఠం దేని గురించో మాత్రం ఇవాళ అడిగినా చెప్పలేను.

దీనికి బదులు, ముందు మీరు చదవండి, పిల్లలు వేలు పెట్టి చూస్తారు. తర్వాత ఎకో: మీరు ఒక వాక్యం, వాళ్లు అదే వాక్యం. తర్వాత అందరూ కలిసి కోరస్. ఆ తర్వాతే జంటలు. 20 జంటలు ఒకేసారి పది నిమిషాలు చదివితే ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు దక్కుతాయి. గోల ఉంటుంది, ఉండనివ్వండి. చదివిందే మళ్లీ చదివిస్తే విసుగొస్తుందని మానేయకండి. తడబాటు తగ్గేది దానితోనే. చదవడం మీద పరిశోధన చేసిన సామ్యూయెల్స్ 1979లోనే ఈ పద్ధతి గురించి రాశాడు.

ఇక అర్థం సంగతి. పాలింక్సార్, బ్రౌన్ అనే పరిశోధకులు 1984లో వివరించిన పద్ధతిలో నాలుగు పనులున్నాయి: ముందేం జరుగుతుందో ఊహించడం, ప్రశ్న వేయడం, అర్థం కాని చోట తేల్చుకోవడం, క్లుప్తంగా చెప్పడం. నలుగురికి తలా ఒకటి ఇవ్వచ్చు. అయితే కొన్నాళ్లు మీరే చేసి చూపించాలి. మొదటి రోజే ఎవరి పని వాళ్లకు చీటీల మీద రాసి పంచేసి 'ఇది మన పిల్లలకు పనికిరాదు' అంటే ఎలా?

అపోహ: గ్రూపులో సొంత భాష వినపడకూడదు. ఎందుకు? అర్థం గురించి సొంత భాషలో వాదించుకుని, జవాబు ఇంగ్లిష్‌లో చెప్పమనండి.

అపోహ: తప్పు పలికితే అక్కడికక్కడే దిద్దాలి. రాసిపెట్టుకోండి, చదవడం అయ్యాక చెప్పండి.

అపోహ: బాగా చదివేవాణ్ణి అసలు రానివాడితో కూర్చోబెట్టాలి. ఇద్దరికీ చిరాకే. చదివే స్థాయిని బట్టి 40 పేర్లు వరసగా రాసి, 1వ పేరును 21తో, 2ను 22తో కలపండి.

'మావాడు క్లాసులో అసలు మాట్లాడడట' అని కంగారుపడే తల్లిదండ్రులకు ఒక మాట. కొత్త భాషలో కొన్నాళ్లు వినడమే పనిగా ఉండే పిల్లలుంటారు. తిట్టకండి.

వారం తర్వాత ఆ టీచరు ఫోన్ చేసింది. పక్క క్లాసువాళ్లు గోల భరించలేక తలుపేసుకుంటున్నారట. ఒకడు మాత్రం జంటలో చదవడట, వేలు పెట్టి చూపిస్తాడట. కోరస్‌లో వాడి పెదాలు కదులుతున్నాయేమో చూడమన్నాను. కదులుతున్నాయట.