బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు

నెల్లూరులోని ఒక ప్రభుత్వ ఆసుపత్రి. కుక్క కరిచిన మనవణ్ణి తీసుకొచ్చిన అవ్వ, గదిలోకి అడుగు పెట్టగానే వాడి చొక్కా పైకెత్తి పొట్ట చూపించింది. నర్సు చొక్కా దించి, వాడి జబ్బ పట్టుకుంది. "బొడ్డు దగ్గర కాదవ్వా, ఇక్కడే." అవ్వ ముఖంలో నమ్మకం కుదరలేదు.

ఆమెది ఉత్త భయం కాదు, దానికి వందేళ్ల చరిత్ర ఉంది. 1885లో పారిస్‌లో లూయీ పాశ్చర్ తొలిసారి ఒక బాలుడికి రేబిస్ టీకా వేశారు. మన దేశంలో 1900లో హిమాలయాల్లోని కసౌలిలో ఆ వైద్యం మొదలైంది. 1907లో నీలగిరుల్లోని కూనూరులో పాశ్చర్ సంస్థ తెరిచేదాకా మనవాళ్లకు దగ్గరలో దిక్కే లేదు.

1911లో కసౌలిలో బ్రిటిష్ వైద్యుడు డేవిడ్ సెంపుల్ కొత్త టీకా తయారుచేశారు. జంతువు మెదడులో పెంచిన వైరస్‌ను కార్బాలిక్ ఆమ్లంతో చంపి తీసిన మందు అది. తర్వాత మన దేశంలో గొర్రె మెదడు వాడారు. చౌక కాబట్టి ఎన్నో ప్రాణాలు కాపాడింది. కానీ దాని బలం తక్కువ, మోతాదు ఎక్కువ. అంత మందు పట్టేది పొట్ట చర్మమే. అందుకే రోజుకొకటి చొప్పున పద్నాలుగు దాకా పొడిచేవారు. పొట్ట వాచిపోయేది. అందులోని మెదడు కణజాలం వల్ల కొందరికి పక్షవాతం కూడా వచ్చేది. ఆ టీకా తయారీని మన దేశం 2004 చివర్లో ఆపేసింది.

మందు పోయినా భయం పోలేదు. ఇప్పటికీ కాటు మీద కారం, సున్నం, పసరు పెట్టి ఇంట్లోనే ఉండిపోయేవారిని చూస్తే గుండె తరుక్కుపోతుంది. వైరస్ నరాల వెంట మెదడుకు పాకడానికి సాధారణంగా వారాలు, నెలలు పడుతుంది. టీకాకు దొరికే గడువు అదే. నీళ్లు చూసి బెదిరే దశ వచ్చాక మనిషి దక్కడం దాదాపు అసాధ్యం. వెంటనే గాయాన్ని సబ్బుతో పావుగంట కడగాలి. చర్మం తెగి రక్తం వస్తే టీకాతో పాటు గాయంలోకే ఇమ్యునోగ్లోబులిన్, అంటే వైరస్‌ను వెంటనే అడ్డుకునే ప్రతిరోధకాల మందు, ఎక్కించాలి. పిల్లి కరిచినా ఇదే పద్ధతి.

వ్యాధి మూలం మాత్రం వీధిలోనే ఉంది. కుక్కలకు సంతాన నియంత్రణ ఆపరేషన్, టీకా చేయించాలని కేంద్రం 2001లో తెచ్చిన నిబంధనలు, వాటి స్థానంలో 2023లో వచ్చినవీ చెప్పాయి. నూటికి డెబ్బై కుక్కలకైనా టీకా పడితేనే వ్యాధి గొలుసు తెగుతుంది.

నర్సు చీటీ మీద తేదీలు రాసిచ్చింది: ఈ రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు. వచ్చినప్పుడల్లా రెండు జబ్బలకూ చర్మంలో చిన్న చుక్కంత మందు. అవ్వ వేళ్లు మడిచి లెక్కపెట్టుకుని, "నాలుగు సార్లేనా?" అని మళ్లీ అడిగింది.