యూనివర్సిటీ విండోస్ పెన్ డ్రైవ్: అపోహలు - వాస్తవాలు

యూనివర్సిటీ ల్యాబుల్లో సిస్టమ్స్ చూసుకునే పని నాది. కొత్త సెమిస్టర్ మొదలైందంటే చాలు, "సార్, ఆ బూటబుల్ పెన్ డ్రైవ్ ఒకసారి ఇస్తారా" అంటూ డిపార్ట్‌మెంట్ల నుంచి, హాస్టళ్ల నుంచి వస్తూనే ఉంటారు. విండోస్ ఇన్‌స్టాల్ చేయడానికి వాడే ఆ పెన్ డ్రైవ్ గురించి మనవాళ్లలో పాతుకుపోయిన కొన్ని నమ్మకాల వల్ల డబ్బూ డేటా రెండూ పోతున్నాయి, అందుకే రాస్తున్నా.

అపోహ: లైసెన్స్ పెన్ డ్రైవ్‌లోనే ఉంటుంది.

ఉండదు. అందులో ఉండేవి ఇన్‌స్టాలేషన్ ఫైళ్లు మాత్రమే. లైసెన్స్ అంటే యూనివర్సిటీ మైక్రోసాఫ్ట్‌తో చేసుకున్న ఒప్పందం (చాలా సిస్టమ్స్‌కి కలిపి తీసుకునే ఈ రకాన్నే వాల్యూమ్ లైసెన్స్ అంటారు), యాక్టివేషన్, అంటే ఆ విండోస్ అసలుదేనని నిర్ధారించుకోవడం, మళ్లీ వేరే సంగతి. కేఎంఎస్ (సంస్థ సొంత సర్వర్‌తో యాక్టివేట్ చేసే) పద్ధతిలో అయితే సిస్టమ్ క్యాంపస్ సర్వర్‌ని 1688 పోర్టులో అడిగి యాక్టివేట్ అవుతుంది, అది 180 రోజులు ఉంటుంది, ఈలోగా 7 రోజులకోసారి తనే రెన్యూ చేసుకుంటుంది. ఆఫీసు ల్యాప్‌టాప్ ఇంటికి తీసుకెళ్లి ఆరు నెలలు క్యాంపస్ నెట్‌వర్క్ మొహం చూపించకపోతే యాక్టివేషన్ పోయేది ఇందుకే. ఇంకోటి, కనీసం 25 సిస్టమ్స్ అడిగేదాకా కేఎంఎస్ సర్వర్ విండోస్‌ని యాక్టివేట్ చేయదు. 20 సిస్టమ్స్ ల్యాబ్ ఒక్కటే పెట్టి, సర్వర్ పాడైందేమోనని టెన్షన్ పడొద్దు.

అపోహ: వాల్యూమ్ లైసెన్స్ ఉంది కదా, విండోస్ లేని సిస్టమ్స్ కొంటే డబ్బు మిగులుతుంది.

టెండర్లు రాసేవాళ్లు ఇది తప్పకుండా చదవాలి. డెస్క్‌టాప్ విండోస్‌కి వాల్యూమ్ లైసెన్స్ అనేది అప్‌గ్రేడ్ మాత్రమే, అంటే ఆ సిస్టమ్‌కి ముందే అర్హత ఉన్న విండోస్ లైసెన్స్ ఉండాలి. విండోస్ లేకుండా డాస్‌తో వచ్చిన సిస్టమ్‌లో కూడా పెన్ డ్రైవ్ పెడితే ఇన్‌స్టాల్ అవుతుంది, యాక్టివేట్ కూడా అవుతుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఆడిట్ వచ్చినప్పుడే తెలుస్తుంది.

అపోహ: ఏ ఐఎస్ఓ (పెన్ డ్రైవ్ చేయడానికి వాడే విండోస్ ఇమేజ్ ఫైల్) అయినా ఒకటే.

మాకు ఒకసారి 40 ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. మైక్రోసాఫ్ట్ వాళ్ల మీడియా క్రియేషన్ టూల్‌తో చేసిన పెన్ డ్రైవ్ పెట్టాం. ఏ ఎడిషన్ కావాలని అడగనే లేదు, నేరుగా విండోస్ 11 హోమ్ ఎక్కేసింది, మేం చూసుకునేసరికి తొమ్మిది అయిపోయాయి. తయారీ కంపెనీ మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే హోమ్ కీ వేసి పంపుతుంది, సెటప్ ముందు దాన్ని చదువుతుంది. వాల్యూమ్ లైసెన్స్ పోర్టల్‌లో దొరికే బిజినెస్ ఎడిషన్స్ ఐఎస్ఓలో హోమ్ ఉండదు కాబట్టి ఈ గొడవ రాదు. ఉన్న పెన్ డ్రైవే వాడాలంటే, సోర్సెస్ ఫోల్డర్‌లో పీఐడీ అనే చిన్న టెక్స్ట్ ఫైల్ పెట్టి అందులో ఎడ్యుకేషన్ ఎడిషన్ జెనరిక్ కీ (అందరికీ ఒకటే ఉండే కీ) రాస్తే సెటప్ దాన్నే తీసుకుంటుంది. ఆ కీ రహస్యమేమీ కాదు, మైక్రోసాఫ్ట్ తన సైట్‌లోనే పెట్టింది.

అపోహ: ఐఎస్ఓ ఫైళ్లు పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేస్తే చాలు.

ఒకప్పుడు చాలేది. ఇప్పుడు అసలు విండోస్ ఉండే ఇన్‌స్టాల్.విమ్ ఫైల్ ఒక్కటే 4 జీబీ దాటుతోంది, ఫ్యాట్32 ఫార్మాట్ చేసిన పెన్ డ్రైవ్‌లో అంత పెద్ద ఫైల్ పట్టదు. విండోస్‌లోనే ఉండే డిస్మ్ కమాండ్‌తో ముక్కలు చేయండి, లేదా బూటబుల్ పెన్ డ్రైవ్ చేసే రూఫస్ అనే టూల్ వాడండి. అంతా సరిగ్గా చేసినా సెటప్‌లో డిస్క్ కనబడకపోతే హార్డ్ డిస్క్ పోయిందని కంగారు పడకండి. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో వీఎండీ (ఇంటెల్ స్టోరేజ్ కంట్రోలర్) డ్రైవర్ విడిగా లోడ్ చేయాలి, అది కూడా అదే పెన్ డ్రైవ్‌లో వేసి ఉంచుకోండి.

మైక్రోసాఫ్ట్ ఆఫీస్ ఐఎస్ఓ కోసం వెతికేవాళ్లకి ఒక్క మాట: వాల్యూమ్ లైసెన్స్‌లో ఆఫీస్ 2019 నుంచి అది లేదు, మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఆఫీస్ డిప్లాయ్‌మెంట్ టూల్‌తో డౌన్‌లోడ్ చేసుకోవాల్సిందే.

అపోహ: క్యాంపస్‌లో వాడేదీ కేఎంఎసే, కేఎంఎస్ పికో కూడా అదే.

పేరొక్కటే కలిసింది. కేఎంఎస్ పికో దొంగ యాక్టివేటర్. 2021లో రెడ్ కానరీ అనే భద్రతా సంస్థ, పికో ఇన్‌స్టాలర్ పేరుతో క్రిప్ట్‌బాట్ అనే పాస్‌వర్డ్‌లు దోచే మాల్వేర్ తిరుగుతోందని బయటపెట్టింది. ప్రాజెక్టు రిపోర్టు, ఫీజు కట్టే బ్యాంకు లాగిన్ అన్నీ ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉంటాయి కదా తమ్ముడూ! మీ సొంత ల్యాప్‌టాప్‌కి యూనివర్సిటీ ఒప్పందం వర్తిస్తుందో లేదో ముందు ఐటీ సెల్‌లో అడగండి. ఐఎస్ఓ ఎవరు ఇచ్చినా, నేనిచ్చినా సరే, విండోస్‌లోని సర్ట్‌యుటిల్ కమాండ్‌తో దాని ఎస్‌హెచ్‌ఏ-256 (ఫైల్ మారిందో లేదో చూపే కోడ్) తీసి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన దాంతో పోల్చి చూశాకే పెన్ డ్రైవ్ చేయండి.