చివర ‘ఎల్‌వై’ ఉంటే అడ్వర్బేనా?

మొన్న డీఎస్సీకి చదువుతున్న ఒకావిడ మాక్ టెస్ట్ పేపర్ పట్టుకొచ్చారు. ‘ఫ్రెండ్లీ’ ఏ పార్ట్ ఆఫ్ స్పీచ్ అని బిట్. అడ్వర్బ్ (పని ఎలా జరిగిందో చెప్పే మాట) అని పెట్టారు, మార్కు పోయింది. “ఏడో తరగతి నుంచీ ఇదే చదివాను సార్, ఎల్‌వై ఉంటే అడ్వర్బ్ అని” అంటూ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. రూల్‌ని సగం చెప్పి వదిలేసినవాళ్లని అనాలి గానీ ఆవిడని ఏమనగలం? ఇప్పుడు అదే సగం రూలు వాట్సాప్‌లో ‘షార్ట్‌కట్ ట్రిక్స్’ పేరుతో తిరుగుతోంది. దయచేసి వాటిని ఫార్వర్డ్ చేయకండి.

ఎల్‌వై తీసేసి ఏం మిగిలిందో చూడండి. ‘స్లోలీ’లో ‘స్లో’ మిగులుతుంది. అది అడ్జెక్టివ్ (విశేషణం), కాబట్టి ‘స్లోలీ’ అడ్వర్బ్. ‘ఫ్రెండ్లీ’లో మిగిలేది ‘ఫ్రెండ్’ అనే నౌన్ (నామవాచకం), కాబట్టి ‘ఫ్రెండ్లీ’ అడ్జెక్టివ్. కాస్ట్లీ, మదర్లీ కూడా అంతే. ‘ఫ్యామిలీ’, ‘సప్లై’లలో తీస్తే మిగిలేదానికి అర్థమే లేదు. ‘డైలీ’, ‘ఎర్లీ’ మాత్రం రెండు పనులూ చేస్తాయి, అక్కడ వాక్యం చూడాల్సిందే.

ఎల్‌వై లేని అడ్వర్బులూ ఉన్నాయి: ఫాస్ట్, హార్డ్. నా స్టూడెంట్ ఒకబ్బాయి ఇంటర్వ్యూలో కష్టపడి పనిచేస్తానని చెప్పబోయి ‘ఐ వర్క్ హార్డ్లీ’ అన్నాడు. అంటే దాదాపు పనే చేయనని! వాళ్లెందుకు నవ్వారో వాడికి ఇంటికొచ్చేదాకా తెలియలేదు. నాకు ఫోన్లో చెబుతుంటే వాడి గొంతు వణికింది.

మన తెలుగువాళ్లకి ఇంకో చిక్కు ఉంది. ‘అందంగా పాడింది’, ‘అందంగా కనిపిస్తోంది’ అని మనం రెండుచోట్లా ‘గా’నే వాడతాం. ఆ అలవాటుతో ‘షీ లుక్స్ బ్యూటిఫుల్లీ’ అని రాసేస్తారు. పాట ఎలా పాడిందో చెప్పేటప్పుడు ‘బ్యూటిఫుల్లీ’, మనిషి ఎలా ఉందో చెప్పేటప్పుడు ‘బ్యూటిఫుల్’. ఎర్రర్ స్పాటింగ్‌లో లుక్, టేస్ట్, స్మెల్ కనిపిస్తే ఒక్క క్షణం ఆగండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ‘ఇంగ్’ ఉన్నదల్లా వెర్బ్ కాదు, ‘స్విమ్మింగ్ ఈజ్ గుడ్’లో అది నౌన్ పని చేస్తోంది. చివర ‘ఏఎల్’ రెండింట్లోనూ ఉన్నా ‘నేషనల్’ అడ్జెక్టివ్, ‘అరైవల్’ నౌన్. చివర ‘టీఐఓఎన్’ ఉన్నదల్లా నౌనే అనుకోకండి, ‘క్వశ్చన్’, ‘మెన్షన్’ వెర్బులుగానూ వస్తాయి. చివర ‘ఈఆర్’ ఉంటే పని చేసే మనిషే అనుకోకండి, వంట చేసే మనిషి ‘కుక్’, ‘కుక్కర్’ పొయ్యి మీద ఉండేది.

మర్నాడు ఆవిడ మళ్లీ వచ్చారు. “ఎల్డర్లీలో ‘ఎల్డర్’ మిగులుతుంది. అది నౌనూ అవుతుంది, అడ్జెక్టివూ అవుతుంది. మరెలా సార్?” అన్నారు. వాక్యం రాయమన్నాను. ‘ఎల్డర్లీ పీపుల్’ అని రాసి, ‘పీపుల్’ కింద తనే గీత గీశారు.