పసికందు కిడ్నీలు, ఒంట్లో చేరే లోహాలు: అపోహలు – వాస్తవాలు

అపోహ: పుట్టిన బిడ్డ రక్తంలో విషలోహం ఉందంటే తల్లి తిండిలోనో, తాగిన నీళ్లలోనో లోపం ఉన్నట్టే.

వాస్తవం: కొంతవరకే నిజం. సీసం మాయను సులువుగా దాటేస్తుంది. బొడ్డుతాడు రక్తంలో దాని మోతాదు తల్లి రక్తంలో ఉన్నదానికి కొంచెమే తక్కువ. చేపల ద్వారా వచ్చే మిథైల్ పాదరసమైతే తల్లి రక్తంలో కంటే బిడ్డ రక్తంలోనే ఎక్కువగా చేరుతుంది. కాడ్మియంను మాత్రం మాయ చాలావరకు తన దగ్గరే ఆపుకుంటుంది. కానీ నెలలు నిండకుండా పుట్టి, కిడ్నీలు ఇంకా కుదురుకోక, పోషకాలన్నీ నరం ద్వారానే అందుకుంటున్న బిడ్డ విషయంలో ముందు అనుమానించాల్సింది వీటిలో ఏదీ కాదు. అల్యూమినియాన్ని. అది వచ్చేది తల్లి నుంచి కాదు, మనం ఎక్కించే మందుల నుంచి.

అపోహ: తరాలుగా అల్యూమినియం గిన్నెల్లోనే వండుకు తింటున్నాం. ఇంజెక్షన్‌లో ఉండే పిసరు ఏం చేస్తుంది?

వాస్తవం: నోటి ద్వారా వెళ్లిన అల్యూమినియంలో 1 శాతం కూడా పేగు దాటి రక్తంలోకి రాదు. నరంలోకి ఎక్కించినదానికి ఆ అడ్డుగోడ లేదు. ఇక బయటికి పోవాల్సిన దారి కిడ్నీలే. అవి బలహీనంగా ఉంటే ఎముకల్లో, మెదడులో నిలవ పడుతుంది.

ఎక్కువ వాటా సాధారణంగా కాల్షియం గ్లూకోనేట్‌ది. గాజు సీసాలో ఉన్నన్నాళ్లూ ఆ ద్రావణం గాజులోని అల్యూమినియాన్ని లాగుతూనే ఉంటుంది. అందుకే పాత స్టాకులో ఎక్కువ, కొత్తదానిలో తక్కువ. ప్లాస్టిక్ వయల్‌లో వచ్చేదానిలో చాలా తక్కువ. ఒక లెక్క చూడండి. గాజు ఆంపూల్‌లో లీటరుకు 4000 మైక్రోగ్రాములు ఉందనుకుందాం. అంటే మిల్లీలీటరుకు 4. కిలో బరువున్న బిడ్డకు రోజుకు 4 మిల్లీలీటర్లు ఇస్తే 16 మైక్రోగ్రాములు వెళ్లినట్టు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక మొదలయ్యేది కిలో బరువుకు రోజుకు 4 – 5 మైక్రోగ్రాముల దగ్గర. ఒక్క కాల్షియంతోనే ఆ గీతను మూడింతలు దాటేశాం. ఫాస్ఫేట్ లవణాలు, అల్బుమిన్ ఇంకా లెక్కలోకే రాలేదు.

ఇది కాగితం మీద భయం కాదు. 1997లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన పరిశోధనలో, నెలలు నిండని పిల్లల్లో కొందరికి నరం ద్వారా ఇచ్చే మామూలు పోషక ద్రావణం, కొందరికి అల్యూమినియం తగ్గించిన ద్రావణం ఇచ్చారు. 18 నెలల వయసులో చూస్తే, మామూలు ద్రావణం ఎక్కిన కొద్దీ రోజుకు సుమారు ఒక పాయింటు చొప్పున మానసిక వికాస స్కోరు తగ్గింది.

అలాగని కాల్షియం తగ్గించేస్తే ఎముకలు గుల్లబారతాయి. చేయాల్సింది వేరు. ప్లాస్టిక్ వయల్ దొరికితే అదే వాడాలి. గాజుదే దిక్కయితే కొత్త బ్యాచ్ ముందు ఈ పిల్లలకు పోవాలి. మామూలు ఫాస్ఫేట్ బదులు సోడియం గ్లిసరోఫాస్ఫేట్ తీసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, తల్లిపాలు చుక్కలుగానైనా త్వరగా మొదలుపెట్టి నరం ద్వారా ఇచ్చే రోజులు తగ్గించాలి.

అపోహ: కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ నార్మల్‌గా ఉంది, ఒంటేలు బాగానే పోస్తున్నాడు. ఇంకేం భయం?

వాస్తవం: మొదటి రెండు మూడు రోజులు బిడ్డ రక్తంలో కనిపించే క్రియాటినిన్ చాలావరకు తల్లిదే. కిడ్నీలో కొత్త వడపోత గొట్టాలు తయారవడం 34 – 36 వారాల గర్భం దాకా సాగుతుంది. నెలలు నిండిన బిడ్డకు కూడా పుట్టినప్పుడు వడపోత వేగం, 1.73 చదరపు మీటర్ల శరీర వైశాల్యానికి లెక్కగడితే, నిమిషానికి 20 మిల్లీలీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, రెండు వారాల్లో రెట్టింపవుతుంది. అంతకంటే ముందే పుట్టినవాడికి ఇంకా తక్కువ. మూత్రం ధారగా వచ్చినా లోహం బయటికి పోతోందని కాదు.

నరం ద్వారా ఇచ్చే పోషకాల్లో ఉండే మరో లోహం మాంగనీస్ దారి వేరు, అది పిత్తం ద్వారా పోతుంది. కామెర్లలో డైరెక్ట్ బిలిరుబిన్ పెరిగితే, అంటే పిత్తం సరిగ్గా పోకపోతే, తగ్గించాల్సింది దాన్ని.

అపోహ: రిపోర్టులో ఎక్కువ వచ్చింది, ఇక విషమెక్కినట్టే.

వాస్తవం: ముందు శాంపిల్‌ను అనుమానించండి. మడమ గుచ్చి తీసిన రక్తంలోకి చర్మం మీది సీసం కలిసిపోవచ్చు. గుచ్చే ముందు స్పిరిట్ ఒక్కటే చాలదు, సబ్బునీళ్లతో కడగాలి. ఎక్కువ వస్తే నరం నుంచి తీసి మళ్లీ చూడాలి. సీసం ఎర్రకణాల్లో ఉంటుంది కాబట్టి దానికి రక్తం గడ్డకట్టకుండా చూసే ఈడీటీఏ ట్యూబులో మొత్తం రక్తం పంపాలి. అల్యూమినియానికి సీరం పంపాలి, అదీ లోహాల పరీక్షకే తయారైన ముదురు నీలం మూత ట్యూబులో. మామూలు రబ్బరు మూతే శాంపిల్‌ను చెడగొడుతుంది. పోషకాలు ఎక్కుతున్న లైన్లోంచి మాత్రం ఎప్పుడూ తీయొద్దు.

అపోహ: లోహాన్ని కడిగేసే మందు వెంటనే మొదలుపెట్టాలి.

వాస్తవం: సీసానికి ఇచ్చే ఈ మందుల మాట డెసిలీటరుకు 45 మైక్రోగ్రాముల దగ్గర వస్తుంది. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 3.5 దగ్గరే మూలాన్ని వెతకమంటుంది. రెండూ వేర్వేరు గీతలు. మందు పట్టుకున్న లోహం మూత్రంలోనే పోవాలి, కిడ్నీ పనిచేయకపోతే అది ఒంట్లోనే తిరుగుతుంది. పైగా ఈ మందుల్లో ఒకటైన కాల్షియం డైసోడియం ఈడీటీఏ కిడ్నీనే దెబ్బతీయగలదు. పేరులో 'కాల్షియం' లేని డైసోడియం ఈడీటీఏ పొరపాటున ఇస్తే రక్తంలో కాల్షియం పడిపోయి గుండె ఆగిపోవచ్చు. అమెరికాలో 2003 – 2005 మధ్య ఇలా పిల్లలు చనిపోయారు. ఆర్డరు రాసేటప్పుడు 'ఈడీటీఏ' అని పొట్టి పేరు వద్దు.

అపోహ: తల్లికి సీసం ఉందట, పాలు మాన్పించాలి.

వాస్తవం: తల్లి రక్తంలో సీసం డెసిలీటరుకు 40 మైక్రోగ్రాముల కంటే తక్కువుంటే మాన్పించక్కర్లేదు. పోతపాలకు నీళ్లు మరిగిస్తే క్రిములు చస్తాయి, సీసం పోదు. నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

అపోహ: కాటుక, భస్మాలు పెద్దలు వాడినవే కదా.

వాస్తవం: ఆముదం దీపం మసితో ఇంట్లో పట్టిన కాటుకలో ఉండేది బొగ్గుపొడి, సీసం కాదు. కంటికి ఇన్ఫెక్షన్ తెచ్చే అవకాశం ఉంది కనుక అదీ పెట్టొద్దంటాం. అసలు భయం రాయిని నూరి అమ్మే సుర్మాతో, అది సీసపు ఖనిజమే కావచ్చు. నాగ భస్మంలో 'నాగం' అంటే సీసమే. కడుపు ఉబ్బరానికి ఇచ్చే యాంటాసిడ్ సిరప్‌లో అల్యూమినియం హైడ్రాక్సైడ్ ఉంటే ఈ బిడ్డలకు అదీ పనికిరాదు. తల్లిని, అమ్మమ్మను అడిగేటప్పుడు "ఏమైనా మందులు ఇచ్చారా?" అంటే "లేదు" అంటారు, ఎందుకంటే వస, కాటుక, పొడి వాళ్ల లెక్కలో మందులు కావు. "బిడ్డ నాలుకకి ఏం రాశారమ్మా, కళ్లకి ఏం పెట్టారు?" అని అడగాలి. లేబుల్ లేని పొట్లం ఇంట్లో ఉంటే తెప్పించి, ఆ పొడినే ల్యాబ్‌కు పంపాలి.