ఏరు లేని దీవి

తెనాలి,
14 అక్టోబర్ 2025

చి॥ బుజ్జికి, చిన్నుకి తాతయ్య ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. అమ్మమ్మ మోకాళ్ళ నొప్పి కాస్త నెమ్మదించింది. మీరు బాగా చదువుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది, సంతోషం.

మాల్టా నుంచి పంపిన ఫోటో చూసి చిన్ను ఫోన్‌లో ఒక ప్రశ్న అడిగాడు. "తాతయ్యా, ఇది ఫిల్టర్ పెట్టి తీశారా? సముద్రం అంత నీలంగా ఉంటుందా ఎక్కడైనా?" అని. అప్పుడు పడవలో ఉన్నాం, గాలి హోరులో సగం మాటలు మీకు వినపడలేదు. ఫిల్టర్ ఏమీ లేదురా, ఆ రంగు నిజమే. అయితే ఆ రంగు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు అర్థం కావడానికి పది రోజులు పట్టింది. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. బుజ్జీ, నువ్వు పైకి చదువు, తమ్ముడు వింటాడు.

ముందు మ్యాప్ తీయండి. మధ్యధరా సముద్రంలో ఇటలీ బూటు ఆకారంలో ఉంటుంది కదా, ఆ బూటు తన్నబోతున్నట్టు ముందర సిసిలీ దీవి ఉంటుంది. దానికి దక్షిణాన 90 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో చిన్న చుక్కలా కనిపించేది మాల్టా. అందులో మాల్టా, గోజో, కొమినో అని ముఖ్యంగా మూడు దీవులు. మూడూ కలిపి 316 చదరపు కిలోమీటర్లు. మీ హైదరాబాద్ నగరంలో సగం కూడా లేదు. జనం ఐదున్నర లక్షల పైమాట. అలాంటి చోటికి 2024లో ఒక్క ఏడాదే 35 లక్షల మందికి పైగా సెలవులు గడపడానికి వచ్చారు. అందరూ ఆ ఎండ కోసం, ఆ నీలం కోసం వచ్చినవాళ్ళే. మీ మావయ్య, అత్త జర్మనీ నుంచి సెప్టెంబర్‌లో మమ్మల్ని తీసుకెళ్ళిందీ అందుకే.

విమానం దిగుతుంటే కిటికీలోంచి కిందకి చూశాను. ఇళ్ళు, గోడలు, చర్చిలు, పొలం గట్లు, అన్నీ ఒకటే తేనె రంగు రాయి. నా కళ్ళు మాత్రం కాలవ కోసం వెతికాయి. ముప్పై మూడేళ్ళు కృష్ణా పశ్చిమ డెల్టా కాలవల మీద ఉద్యోగం చేసినవాణ్ణి, ఏ కొత్త ఊరికి వెళ్ళినా ముందు నీళ్ళు ఎటు నుంచి ఎటు పారుతున్నాయో చూడటం అలవాటు. ఎంత చూసినా ఒక్క నీటి గీత కనపడలేదు. మీ మావయ్యని అడిగాను. "ఇక్కడ నది లేదు నాన్నా" అన్నాడు.

నది లేదు, ఏరు లేదు, ఏడాదంతా నీళ్ళుండే చెరువు కూడా లేదు. ఎప్పుడూ పారే ఏరు లేని ఊళ్ళో కాలు పెట్టొద్దని మన పెద్దవాళ్ళు చెప్పేవారు. మరి ఇక్కడ ఐదు వేల ఏళ్ళకు పైగా మనుషులు ఉంటున్నారే, ఎలా బతికారు? ఆ రోజు నుంచి నాకు అదే ధ్యాస అయిపోయింది. అమ్మమ్మ బీచ్ చూద్దామంటే, నేను బావి చూద్దామనేవాణ్ణి.

అక్కడ ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. మన విజయవాడలో పడేదాంట్లో దాదాపు సగం. అదీ మనకు తలకిందులుగా, చలికాలంలో పడుతుంది. అక్టోబర్ నుంచి మార్చి దాకా పడితే పడినట్టు, ఎండాకాలం నెలల తరబడి చుక్క రాలదు. పడిన వానని పట్టి ఆపే పెద్ద కొండలు లేవు, అన్నిటికన్నా ఎత్తయిన చోటే 253 మీటర్లు. కింద ఉన్నది సున్నపురాయి. నీళ్ళు దాని పగుళ్ళలోంచి దిగిపోతాయి. లోయల్లో వాన కురిసినప్పుడు మాత్రం వాగులా పారి ఆగిపోతుంది. అలాంటి ఒక లోయకి వెళ్ళాం, చాడ్విక్ లేక్స్ అంటారు. పేరుకి లేక్స్ గానీ, అవి వాగుకి అడ్డంగా కట్టిన చిన్న చిన్న ఆనకట్టలు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఆస్బర్ట్ చాడ్విక్ అనే బ్రిటిష్ ఇంజనీర్ కట్టించాడు. మన కాటన్ దొర లాంటి వాడన్నమాట, కాకపోతే ఆయన చేతికి గోదావరి దొరికింది, ఈయనకి చలికాలం వాగు దొరికింది. మేం వెళ్ళినప్పుడు అడుగు ఎండిపోయి నెర్రెలు విచ్చి ఉంది. చలికాలంలో నిండి, గట్లు పొర్లుతాయట.

ఇప్పుడు చిన్ను ప్రశ్నకి వస్తాను.

కొమినో దగ్గర బ్లూ లగూన్ అనే చోటుంది. 2025 నుంచి అక్కడికి వెళ్ళాలంటే ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి, రద్దీ అంతలా పెరిగిపోయింది. నీళ్ళలో నడుము లోతున నిలబడితే నా కాలి గోళ్ళు కూడా కనపడ్డాయి. కట్టేసి ఉన్న పడవ నీడ అడుగున తెల్లటి ఇసుక మీద పడి కదులుతోంది. పడవేమో గాల్లో తేలుతున్నట్టుంది. అమ్మమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని చాలాసేపు ఆ నీడనే చూస్తూ ఉండిపోయింది.

మన సూర్యలంకలో నీళ్ళు మట్టి రంగులో ఎందుకుంటాయి? మురికి అనుకునేరు, కాదు. కృష్ణ, గోదావరి ఏటా టన్నుల కొద్దీ ఒండ్రు తెచ్చి సముద్రంలో కలుపుతాయి. తెనాలి, రేపల్లె, మచిలీపట్నం, ఈ డెల్టా అంతా అలా పేరుకున్న నేలే. ఆ ఒండ్రుతో వచ్చే పోషకాలు తిని నీటిలో కంటికి కనపడనంత సన్నటి నాచు పెరుగుతుంది, దాన్ని తిని చిన్న జీవులు, వాటిని తిని చేపలు. మాల్టాకి ఒండ్రు తెచ్చే ఏరే లేదు. నీటిలో మట్టీ లేదు, నాచూ అంతంతమాత్రం. అడ్డు ఏమీ లేని నీళ్ళలోకి వెలుగు లోతుగా దిగుతుంది. ఎరుపు, పసుపు రంగుల్ని నీరు తాగేసుకుని నీలాన్ని వెనక్కి పంపుతుంది. అడుగున తెల్ల ఇసుక ఉంటే ఆ నీలం ఇంకా మెరుస్తుంది. అంటే జనం ఎక్కడెక్కడి నుంచో వచ్చి చూసే ఆ నీలమూ, అక్కడివాళ్ళ నీటి కరువూ ఒక్క కారణం నుంచే పుట్టాయి. ఈ సంగతి తోచినప్పుడు ఒడ్డున కూర్చుండిపోయాను, మీ మావయ్య ఎండదెబ్బ తగిలిందేమోనని కంగారు పడ్డాడు.

ఇంకో సంగతి. ఆ నీళ్ళు నోట్లోకి వెళితే మన సముద్రం కంటే ఉప్పగా ఉంటాయి. లీటరుకి 38 గ్రాముల దాకా ఉప్పుంటుంది. మధ్యధరా చుట్టూ చాలావరకు నేలే, ఎండకి ఆవిరయ్యే నీళ్ళు ఎక్కువ, నదులూ వానా తెచ్చేది తక్కువ. ఆ లోటు పూడ్చడానికి అట్లాంటిక్ నీళ్ళు జిబ్రాల్టర్ జలసంధి గుండా ఎప్పుడూ లోపలికి వస్తూనే ఉంటాయి. మన బంగాళాఖాతంలోకి గంగ నుంచి కృష్ణ దాకా అన్ని నదులూ కలుస్తాయి కాబట్టి ఉప్పు తక్కువ.

మార్సాష్లోక్ అనే జాలరి ఊళ్ళో ఆదివారం చేపల సంత చూశాం. పడవల ముందు భాగాన రెండు వైపులా కళ్ళు చెక్కి రంగులేస్తారు, సముద్రం మీద కీడు జరగకుండా. వాళ్ళ భాషలో కన్నుని "ఆయ్న్" అంటారు, నీటి ఊటని కూడా "ఆయ్న్" అనే అంటారు. అరబ్బీ నుంచి పుట్టిన భాష, రాసేది మాత్రం ఇంగ్లిష్ అక్షరాలతో. చాలా ఊళ్ళ పేర్లలో ఆ ఊట మాట ఉంది. ఊట ఉన్న చోటు వాళ్ళకి ఎంత విలువైనదో ఆ పేర్లే చెబుతున్నాయి.

ఇక బావి సంగతి. మేం రబాత్ అనే ఊళ్ళో ఒక పాత ఇంట్లో పై వాటా అద్దెకి తీసుకున్నాం. కింద ఇంటావిడ, ఎనభై దాటిన మనిషి, ఒక్కరే ఉంటారు. ఎండకి తట్టుకోలేక అందరం రెండు పూటలా స్నానాలు చేశాం, అమ్మమ్మ అలవాటు కొద్దీ బట్టలన్నీ పంపు కింద జాడించింది. మూడో రోజు పొద్దున ట్యాంకు ఖాళీ, పంపులో గాలి తప్ప ఏమీ రాలేదు. నాకు సిగ్గనిపించింది. కాలవ నీళ్ళు పొదుపుగా వాడమని రైతులకి చెప్పిన నోరిది.

ఇంటావిడ ఏమీ అనలేదు. పెరట్లో ఒక మూలకి తీసుకెళ్ళి చెక్క మూత తీసింది. రాతి ఒర మీద తాడు ఒరిపిడికి పడిన గాడులు, ఒక్కోటి నా చిటికెన వేలు పట్టేంత లోతున్నాయి. మా అమ్మ వాళ్ళ ఊరి బావి ఒర మీద అచ్చం ఇలాంటి గాడులే ఉండేవి, వాటిలో వేలు పెట్టి ఆడుకునేవాణ్ణి. ఆవిడ బకెట్ వదిలింది. చప్పుడు ఆలస్యంగా, గుమ్మటంలోంచి వచ్చినట్టు వచ్చింది. నిజానికి అది ఊట బావి కాదు. ఇంటి కింద రాయిని గంట ఆకారంలో తొలిచిన తొట్టి. పైన మూతి సన్నం, లోపల విశాలం. డాబా మీద పడిన వాన గొట్టం గుండా అందులోకి దిగుతుంది. వాళ్ళ పాత డాబాలకి కుండపెంకులు దంచి సున్నంలో కలిపి పూసేవారట. మనం గానుగ సున్నంలో ఇటుక పొడి కలిపినట్టే. ఆ చల్లటి నీళ్ళు ముఖాన కొట్టుకుంటే ప్రాణం లేచొచ్చింది.

రాజధాని వలెట్టాలో అయితే ఇంటింటికీ ఇలాంటి తొట్టి ఉండి తీరాలని చట్టమే చేశారు. 1565లో టర్కీ సైన్యం దీవిని నాలుగు నెలల పాటు ముట్టడించి ఓడిపోయింది. మళ్ళీ వస్తే నిలబడాలని, మరుసటి ఏడే రాతి గుట్ట మీద కోట ఊరు కట్టడం మొదలుపెట్టారు. ఆ గుట్ట మీద ఊటలు లేవు. అందుకే ఆ చట్టం. ఊరు పెరిగాక అది చాలక, 1610లో మొదలుపెట్టి 1615 నాటికి రబాత్ వైపు ఊటల నుంచి సుమారు 16 కిలోమీటర్ల కాలవ తెచ్చారు. నేల ఎత్తుగా ఉన్నచోట భూమిలో గొట్టాలు, పల్లం వచ్చినచోట తోరణాల మీద రాతి తూము. మోటార్లు లేవు, కేవలం వాటం మీద నడిచిన నీళ్ళు! మనం కోనసీమ వెళ్ళినప్పుడు పి.గన్నవరం దగ్గర గోదావరి పాయ మీద అక్విడెక్టు చూశాం గుర్తుందా, అదే పని. బిర్కిర్కారా రోడ్డు పక్కన ఆ తోరణాలు ఇంకా నిలబడి ఉన్నాయి. బస్సు దిగి ఒక రాయిని చేత్తో తాకి వచ్చాను.

ఇప్పుడు తాగే నీళ్ళలో సగానికి పైగా సముద్రం నుంచే. మీ వంటింట్లో ఆర్వో మిషన్ ఉంది చూశారా, అదే పద్ధతి, కాకపోతే ఎన్నో రెట్లు ఎక్కువ ఒత్తిడితో ఉప్పు నీటిని పొరలోంచి తోస్తారు. కరెంటు బాగా ఖర్చవుతుంది. మిగతాది భూమిలోంచి తోడతారు. అక్కడే ఒక తంటా ఉంది. మంచినీళ్ళు తేలిక, ఉప్పు నీళ్ళు బరువు. కాబట్టి వాన నీళ్ళు రాయిలోకి దిగి, కింద ఉన్న సముద్రపు నీటి మీద తెట్టులా తేలుతూ ఉంటాయి. పైన మంచినీళ్ళ మట్టం ఒక మీటరు దిగేలా తోడేస్తే కింద నుంచి ఉప్పు నీరు దాదాపు నలభై మీటర్లు పైకి ఎగబాకుతుంది. బాపట్ల, చీరాల వైపు ఫిల్టర్ పాయింట్లతో, అంటే లోతు తక్కువ బోర్లతో, ఎడాపెడా తోడి ఎన్ని చోట్ల నీళ్ళు ఉప్పగా మారాయో నేను కళ్ళారా చూశాను. ఆ రైతుల ముఖాలు నాకు గుర్తున్నాయి.

గోజోకి పడవలో 25 నిమిషాలు. అక్కడ మార్సల్‌ఫోర్న్ దాటాక ఒడ్డు పొడవునా రాతి బండలోనే చదరంగం గళ్ళలా ఉప్పు మడులు తొలిచారు. మన చినగంజాం ఉప్పు కొఠారు మట్టి మడులు, ఇవి రాతి మడులు, అంతే తేడా. ఒకాయన చీపురుతో ఉప్పు ఊడ్చి కుప్ప పోస్తున్నాడు. చేయి చాపితే చిటికెడు పెట్టాడు. కరకరలాడింది.

వచ్చే వేసవిలో మిమ్మల్నీ తీసుకెళతానని మావయ్య అంటున్నాడు. జులై, ఆగస్టు వద్దని చెప్పాను. ఎండ మన మే నెలంత మండదు గానీ, రాయి మీద నుంచి కొట్టే వేడి, జనం తోపులాట పిల్లలకి కష్టం. మే నెల గానీ, అక్టోబర్ గానీ మంచిది. టోపీ పెట్టుకోండి. హాజర్ కిమ్ రాతి గుడులు తప్పక చూడండి, గిజా పెద్ద పిరమిడ్ కంటే పాతవి. దగ్గర్లో మిస్కా అనే చోట బండలో తొలిచిన నీటి గుంటలు కూడా చూడండి. గుడుల దగ్గర ఆగిపోయి వాటిని చూడకుండా వెనక్కి వెళ్ళేవాళ్ళే ఎక్కువ.

మేం బయల్దేరే ముందు రోజు సాయంత్రం ఇంటావిడ డాబా మీదకి వచ్చి మూలమూలలా ఊడవడం మొదలుపెట్టింది. ఆకాశం మబ్బు పట్టింది. అమ్మమ్మ ఆవిడ చేతిలోంచి చీపురు తీసుకుని మిగతాది తనే ఊడ్చింది. రాత్రి తొమ్మిదికి మొదటి చినుకు పడింది. "షితా, షితా" అందావిడ. వాన అని అర్థం. చలికాలాన్ని "షిత్వా" అంటారట, అంటే వాళ్ళ చలికాలం పేరులోనే వాన ఉంది. ముగ్గురం కింద పెరట్లో చూరు కింద నిలబడ్డాం. గొట్టంలోంచి నీళ్ళు బావిలోకి పడుతున్న చప్పుడు మొదట టపటపమని, తర్వాత ధారగా, కాసేపటికి నిండుగా వినపడింది. ఆవిడ మూత కాస్త పక్కకి జరిపి, ఇంకా బాగా వినండన్నట్టు సైగ చేసింది.

ఈ ఉత్తరంతో పాటు గోజో ఉప్పు పొట్లం పంపుతున్నాను. జామకాయ కోసుకుని నంజుకోండి.

ఇట్లు,
మీ తాతయ్య