పేగుపూత రోగికి ఎన్ని మార్కులు?

పేగులు వాచి పుండ్లు పడే దీర్ఘకాలిక జబ్బులైన క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నవాళ్లకు తమ జబ్బు గురించి ఎంత తెలుసో ప్రశ్నపత్రం పెట్టి కొలవాలా, ఆ మార్కులతో ఒరిగేదేమిటి అన్న వాదన మళ్లీ లేచింది. ఇలాంటి పత్రాలు ముందూ ఉన్నాయి గానీ, ఇవాళ్టి పేచీకి మూలం 1999లో ఇంగ్లండ్‌లోని లెస్టర్ డాక్టర్లు తెచ్చిన ‘సీసీనో’ (క్రోన్స్ అండ్ కొలైటిస్ నాలెడ్జ్) స్కోరు.

అందులో 24 ప్రశ్నలు. పరీక్ష పనికొస్తుందో లేదో సరిచూసింది ఆస్పత్రి సిబ్బందితో. జూనియర్ డాక్టర్ల మధ్యస్థ స్కోరు 22, నర్సులది 16, వార్డు గుమాస్తాలది 5. తేడా ఇంత స్పష్టంగా ఉంది కాబట్టి కొలత సరైనదే అన్నారు. తర్వాత 354 మంది రోగులకు ఇచ్చారు. లెక్కలో తప్పు లేదు. కానీ జబ్బు గురించి తెలియడమంటే డాక్టరుకు తెలిసినట్టు తెలియడమేనని అక్కడే ఖాయమైపోయింది.

చిన్నపేగు లోపలి సన్నని నూగును ఏమంటారో చెబితే ఒక మార్కు. అజాథయోప్రిన్ రోగనిరోధక శక్తిని అణచే మందు అని గుర్తుపట్టినా ఒక మార్కే. మొదటిది తెలియకపోతే ఏ నష్టమూ లేదు. రెండోది తెలియకపోతే, ఆ మందు వాడేటప్పుడు క్రమం తప్పక రక్తపరీక్ష చేయించుకోవాలన్న సంగతీ తట్టదు, తెల్లరక్తకణాలు పడిపోతున్నా పట్టుకోలేం.

ఏం తెలియదో తేలితేనే ఏం నేర్పాలో తెలుస్తుందన్నది స్కోరును సమర్థించేవాళ్ల మాట. అదీ నిజమే. అయితే జబ్బు గురించి బాగా తెలిసినవాళ్లలోనే ఆందోళన ఎక్కువగా ఉందని 2013లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. తెలిస్తే టెన్షన్ తగ్గుతుందన్న నమ్మకం అక్కడ కాస్త కదిలింది.

ఇక మందులు. క్రోన్స్‌కు ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను అమెరికా 1998లోనే అనుమతించినా, సీసీనోలో ఆ తరహా మందుల (జీవకణాలతో తయారుచేసే బయోలాజిక్స్) ఊసే లేదు. టీకాల గురించిన ప్రశ్నలను కూడా కలిపి కొరియా డాక్టర్లు 2019లో కొత్త పత్రం తెచ్చేదాకా చాలాచోట్ల పాతదాన్నే వాడుకున్నారు.

మన దగ్గర ఈ జబ్బు పల్లెల్లోనూ కనిపిస్తోందని హైదరాబాద్ డాక్టర్లే చెబుతున్నారు. మలంలో రక్తం పడితే మొలలే అనుకుని నెలలు గడిపేవాళ్లున్నారు. రక్తం ఆగగానే, పేగు వాపు తగ్గించే మెసలమిన్ మాత్రలు మానేసి, మళ్లీ జబ్బు తిరగబెట్టాక పరుగెత్తుకొచ్చేవాళ్లున్నారు. వాళ్లు డాక్టరును అడిగేది ఒకటే: ‘తగ్గిపోయింది కదా సార్, ఇంకా ఎన్నాళ్లు మింగాలి?’ తెలుగులో పత్రం రాసేవాళ్లు మొదటి ప్రశ్నగా దాన్నే పెట్టాలి.